గాలి తగలని చోట

1960ల చివర్లో ఇంగ్లండులో ఒక తెరచాప పడవను అమ్మకానికి పెట్టారు. పొడవు 32 అడుగులు. బర్మా టేకుతో మన బొంబాయిలో కట్టించినది. పేరు సుహైలీ. యజమాని రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ వాణిజ్య నౌకల్లో అధికారి. దీన్ని అమ్మేసి, ఆ సొమ్ముకు మరికొంత కలిపి, పెద్ద ఉక్కు పడవ కట్టించుకుని ఒంటరిగా భూమి చుట్టి రావాలని ఆయన ఆలోచన. బేరం రాలేదు. పెద్ద పడవకు డబ్బూ పుట్టలేదు. చేసేది లేక ఉన్న పడవనే బాగుచేసుకుని 1968 జూన్ 14న ఫాల్మత్ రేవు నుంచి బయల్దేరారు. ఎక్కడా ఆగకుండా 312 రోజులు తిరిగి, 1969 ఏప్రిల్ 22న అదే రేవుకు చేరారు. ఒంటరిగా భూమి చుట్టే ఆ ఏటి పందెంలో దిగినవాళ్లు తొమ్మిది మంది. ముగించింది ఈయనొక్కరే. ఒంటరిగా, ఆగకుండా భూమిని చుట్టిన మొదటి మనిషిని మోసుకొచ్చింది ఎవరూ కొనని ఆ పడవే.

అలాగని కొననివాళ్లను తెలివితక్కువవాళ్లు అనలేం. ప్రయాణం మొదలైన కొద్ది వారాలకే సుహైలీ అడుగు కారింది. అడుగు దూలానికీ మొదటి పలకకూ మధ్య సందు తెరుచుకుంది. నాక్స్-జాన్‌స్టన్ అట్లాంటిక్ నడిమధ్య నీళ్లలోకి దూకి, ఊపిరి బిగబట్టి, ఆ సందులో దూది కూరి, పైన గుడ్డ వేసి రాగి మేకులు కొట్టారు. ఈలోగా షార్కు వస్తే దాని సంగతి చూసుకుని మళ్లీ దిగారు. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆయన ధైర్యం దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం ఆ పడవ కారిన పద్ధతి ఆసక్తిగా ఉంటుంది. నీళ్లు లోపలికి వస్తున్నాయని పడవే చెప్పింది, ఎక్కడినుంచో కూడా చెప్పింది, చేత్తో బాగుచేసుకోనిచ్చింది. అన్ని పడవలూ ఇంత నిజాయితీగా ఉండవు. ముఖ్యంగా మన కాలపు పాత పడవలు. వాటి ఒళ్లు కొయ్య కాదు, ఫైబర్ గ్లాసు. వాటి జబ్బులు బయటికి కారవు, లోపల ఊరతాయి.

నీలి నీళ్ల పడవ అంటారు మహాసముద్రం దాటడానికి తగిన తెరచాప పడవను. తీరం దగ్గర నీళ్లు మట్టితో, నాచుజీవులతో ఆకుపచ్చగానో బురదగానో ఉంటాయి. లోతుకు వెళ్లేకొద్దీ అవి తగ్గిపోతాయి. నీరు ఎర్రని కాంతిని మింగేసి నీలాన్ని వదిలేస్తుంది కాబట్టి అక్కడ మిగిలేది ముదురు నీలమే. ఆ రంగు కనబడిందంటే మెకానిక్కు, విడిభాగాల కొట్టు, ఒడ్డు అన్నీ వెనకబడ్డాయని అర్థం. కేనరీ దీవుల నుంచి కరీబియన్‌లోని సెయింట్ లూసియాకు దాదాపు 2,700 నాటికల్ మైళ్లు. ముప్ఫై ఆరడుగుల పడవ వేగం నీళ్లు కోసే పొడవును బట్టి ఏడు నాట్ల దగ్గర ఆగిపోతుంది. తన ముక్కు దగ్గర లేచిన అలకూ తోక దగ్గరి అలకూ మధ్య గుంటలో తానే ఇరుక్కుంటుంది. రోజులో అన్ని గంటలూ ఆ వేగమూ రాదు. మొత్తం మూడు వారాల పని. ఏడు సెకన్లకొక అల వచ్చి పడవను ఒకసారి వంచి లేపిందనుకోండి, మూడు వారాలకు రెండు లక్షల అరవై వేల సార్లు. తెరచాప కొయ్యను పట్టుకున్న ప్రతి ఉక్కు తీగా, ప్రతి బోల్టూ అన్నిసార్లు బిగిసి, అన్నిసార్లు సడలుతుంది. ఒక్క పెద్ద దెబ్బకు విరగని లోహం ఇలా అలసిపోయి విరుగుతుంది. పాత పడవ కొనేవాడు నిజానికి వెతికేది ఆ అలసటను. అది రంగులో కనబడదు.

పాత పడవలు ప్రపంచమంతా ఒకే తీరున దొరకవు. గాలి వాటిని కొన్ని చోట్లకు ఊడ్చి పెడుతుంది. ఉష్ణమండలంలో వ్యాపార పవనాలు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి కాబట్టి యూరప్‌లో బయల్దేరిన జంట హాయిగా గాలివాటున కరీబియన్ చేరుతుంది. తిరిగి వెళ్లాలంటే గాలికి ఎదురు వెళ్లాలి, లేదా ఉత్తరాన చలి సముద్రం మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. చాలా కాపురాల్లో పెద్ద చర్చ జరిగేది అక్కడే. పసిఫిక్ దాటినవాళ్లకు ఆ చర్చ న్యూజిలాండ్‌లో వస్తుంది. నవంబరులో తుఫానుల కాలం మొదలవకముందే దక్షిణానికి దిగి అక్కడ ఆగుతారు, కొందరు అక్కడే అమ్మేసి విమానమెక్కుతారు. ట్రినిడాడ్‌లో షాగ్వారమస్ అనే చోట పడవల యార్డులున్నాయి. ఆ దీవి భూమధ్యరేఖకు పదకొండు డిగ్రీల లోపే ఉంది. హరికేన్ సుడి తిరగడానికి భూభ్రమణం ఇచ్చే మెలి అక్కడ బలహీనం, అందుకే పెద్ద హరికేన్లు సాధారణంగా ఇంకా ఉత్తరం నుంచి పోతాయి. జూన్ నుంచి నవంబరు దాకా పడవలను ఒడ్డుకెక్కించి, ఇనప కాళ్ల మీద నిలబెట్టి, యజమానులు ఊళ్లకు వెళ్తారు. కొందరు తిరిగి రారు.

అలాంటి యార్డులో ఒక పడవ ఉందనుకుందాం. 1984లో కట్టినది, 36 అడుగులు. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. లోపల కొత్త సోఫా కవర్లు, తళతళలాడే వార్నిషు, పెద్ద జీపీఎస్ తెర. నన్నడిగితే కొత్త సోఫా కవర్లున్న పాత పడవను ఒకటికి రెండుసార్లు అనుమానించాలి. అయిదేళ్ల తెరకు విలువే లేదు, అది పాత సెల్‌ఫోన్‌తో సమానం. ఎక్కకముందు కింద నిలబడి చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదట అడుగు. ఫైబర్ గ్లాసు అంటే గాజు నారను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి గట్టిపరిచిన పలక. పైన నున్నటి జెల్‌కోటు పొర ఉంటుంది. ఇది నీటిని ఆపుతుందని అనుకుంటాం. ఆపదు, ఆలస్యం చేస్తుంది. నీటి అణువులు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా పొరలోంచి లోపలికి ఇంకుతాయి. పడవ కట్టిన రోజున రెజిన్ పూర్తిగా గట్టిపడక మిగిలిపోయిన గ్లైకాల్ వంటి పదార్థాలు, సరిగా తడవని నారల మధ్య చిన్న చిన్న ఖాళీలు, లోపల వాటికోసం ఎదురుచూస్తుంటాయి. నీళ్లు చేరగానే అవి కరుగుతాయి. నీరు రెజిన్‌నూ కొద్దికొద్దిగా విడగొట్టి ఆమ్లం పుట్టిస్తుంది. ఖాళీలో ఇప్పుడు చిక్కటి ద్రావణం తయారైంది.

తరవాత జరిగేది మాగాయ పెట్టిన ప్రతి ఇంట్లోనూ తెలుసు. మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ముక్కలు తేలేటంత ఊట వస్తుంది. ఎవరూ నీళ్లు పొయ్యలేదు. పలచన ఉన్నవైపు నుంచి చిక్కన ఉన్నవైపుకు పొరగుండా నీరు నడిచింది. బడిలో దీన్ని ద్రవాభిసరణం అని చదువుకున్నాం. జాడీలో చిక్కదనం ముక్క బయట ఉంది కాబట్టి ముక్క ముడుచుకుంది. పడవలో చిక్కదనం పొర లోపల ఉంది, కాబట్టి నీరు లోపలికి వస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, పొర బొబ్బలా లేస్తుంది. సముద్రపు నీరు కూడా ఉప్పనే కదా అంటారా? ఆ ప్రశ్నకు జవాబు పడవల్లోనే దొరికింది. మంచినీటి సరస్సుల్లో నిలిపిన పడవలకు బొబ్బలు ఇంకా తొందరగా వస్తాయి. బయటి నీరు ఎంత పలచనైతే లోపలికి నడక అంత జోరు.

బొబ్బను మొనతో గుచ్చితే చుక్క చిమ్ముకొస్తుంది. వేళ్ల మధ్య జిగటగా ఉంటుంది, వెనిగర్ వాసన వేస్తుంది. గుచ్చేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి, లోపలి ఒత్తిడి తక్కువేం కాదు. చూడ్డానికి ఇది కుష్ఠులా భయపెడుతుంది గాని, బొబ్బలతో మునిగిన పడవల గురించి వినడం చాలా అరుదు. బొబ్బలు ప్రధానంగా బేరానికి పనికొస్తాయి. పై పొర చెక్కి, నెలల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పూస్తే సరిపోతుంది. ఖర్చు మాత్రం కళ్లు తిరిగేటంత. అమ్మేవాడు బొబ్బలను దాచకుండా చూపించాడంటే నాకు అతని మీద కాస్త గురి కుదురుతుంది.

ఇప్పుడు చప్పుడు. పడవల సర్వేయరు సంచిలో ఖరీదైన పనిముట్లు చాలా ఉంటాయి. ఎక్కువసేపు చేతిలో ఉండేది మాత్రం ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి. అడుగంతా, డెక్కంతా జానెడు జానెడుకు తడుతూ పోతాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి వినడం ఇదే విద్య. పొరలన్నీ అతుక్కుని ఉంటే పలక మొత్తం ఒకటిగా, బిరుసుగా కంపిస్తుంది. టక్‌మని పదునైన శబ్దం వస్తుంది. పై పొర లోపలిదాన్ని వదిలేస్తే పలచటి పొర ఒక్కటే అదురుతుంది, శబ్దం డొల్లగా, కిందిస్థాయిలో పలుకుతుంది. చెవికి ఆ తేడా తెలియడానికి పది నిమిషాలు చాలు. తెలిసిన తరవాత వినకుండా ఉండటం కష్టం.

సుత్తి ఎక్కువగా మాట్లాడేది డెక్కు మీద. డెక్కు బరువు తగ్గించడానికి రెండు ఫైబర్ పొరల మధ్య బాల్సా కొయ్యను పెడతారు. దూదిలాంటి తేలిక కొయ్య. దాని నారలు నిలువుగా నిలబడేలా ముక్కలు పేర్చి అతికిస్తే గట్టిదనం అమోఘం. కానీ ఆ డెక్కుకు రెయిలింగులు, కప్పీలు, కిటికీలు బిగించాలి. ప్రతి బోల్టూ ఒక కన్నం. కన్నంలో పెట్టిన సీలెంటు పదిహేనేళ్లకు ఎండి వదులుతుంది, వాన నీరు దిగుతుంది, బాల్సా కుళ్లి గంజిలా అవుతుంది. 1970లు, 80లలో అందం కోసం డెక్కు మీద టేకు పలకలు పరిచి స్క్రూలు బిగించేవాళ్లు. ఒక పడవకు వేలల్లో స్క్రూలు. ఫొటోలో అంత అందమైన డెక్కు మరొకటి ఉండదు, కాళ్లకు కూడా సుఖమే. అది వేల కన్నాలున్న కప్పు.

తేమ చూసే మీటరు కూడా తెస్తారు. విద్యుత్ క్షేత్రానికి నీరు స్పందించే తీరు ఫైబర్‌కు భిన్నం. డైఎలెక్ట్రిక్ స్థిరాంకం నీటికి 80 దగ్గర, ఫైబర్ గ్లాసుకు నాలుగైదు. మీటరు ఆ తేడాను పట్టుకుంటుంది. రాత్రి వాన పడినా, అడుగున రాగి కలిసిన రంగు ఉన్నా అది తప్పుదోవ పట్టిస్తుంది. అందుకే మంచి సర్వేయర్లు మీటరు చెప్పింది సుత్తితో ఒకసారి అడిగి చూస్తారు.

ఇక ఈ అధ్యాయానికి పేరు పెట్టిన చోటుకు వద్దాం. తెరచాప కొయ్యను అన్నివైపులా లాగి పట్టేవి ఉక్కు తీగలు. తీగల కింది కొసలు చెయిన్‌ప్లేట్లు అనే ఉక్కు పట్టీలకు తగులుకుంటాయి. ఆ పట్టీలు డెక్కును చీల్చుకుని లోపలికి దిగి పడవ ఒంటికి బోల్టులతో బిగిసి ఉంటాయి. పైన కనబడే ముక్క అద్దంలా మెరుస్తుంది. లోపల, కేబిన్‌లో అరమర తెరిస్తే కనబడే ముక్కా మెరుస్తుంది. మధ్యలో డెక్కు మందంలో దాగిన అంగుళం మాత్రం ఎవరికీ కనబడదు.

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదని మన నమ్మకం. దానిలో ఇనుమే ఎక్కువ, తుప్పు పట్టాలనే చూస్తుంది. కాపాడేది కనీసం 10.5 శాతం ఉండే క్రోమియం. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఉపరితలం మీద కొద్ది నానోమీటర్ల మందం పొర కడుతుంది. గీత పడితే ఆ పొర వెంటనే తనంతట తానే మళ్లీ కట్టుకుంటుంది. షరతు ఒక్కటే, ఆక్సిజన్ అందాలి. డెక్కు మందంలో పాత సీలెంటు నడుమ నిలిచిన ఉప్పునీటి చెమ్మలో ఉన్న కాస్త ఆక్సిజనూ త్వరగా అయిపోతుంది. క్లోరైడు అక్కడి పొరకు చిల్లులు పొడుస్తుంది, పొర తిరిగి కట్టుకోలేదు. ఇంకా దారుణం ఏమిటంటే, గాలి తగిలే పెద్ద భాగమంతా ఒక ధ్రువంగా, గాలి తగలని ఆ చిన్న చోటు మరో ధ్రువంగా ఒక బ్యాటరీ తయారవుతుంది. పెద్ద భాగం మెరుస్తూనే ఉంటుంది, దాని మెరుపుకు మూల్యం ఆ చిన్న చోటు కరిగి చెల్లిస్తుంది. సముద్రానికి మేలని వాడే 316 రకంలో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు. దానివల్ల ఈ జబ్బు ఆలస్యమవుతుంది, మానదు. స్టీలు డబ్బాలో ఉప్పు పోస్తే మా అమ్మ ఊరుకునేది కాదు. ఉప్పుకు జాడీయే. కారణం అడిగితే డబ్బా పాడవుతుందనేది, అంతకంటే ఎక్కువ చెప్పేది కాదు. అక్కర్లేదు కూడా.

ఈ తుప్పును చూడాలంటే ఒకటే దారి, చెయిన్‌ప్లేటు ఊడదీసి చూడటం. అమ్మేవాడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే ఎనిమిదో పదో పట్టీల ఖరీదు, కూలి ధరలో తగ్గించమనాలి. సముద్రం మధ్యలో ఒక పట్టీ తెగితే మిగతావాటి మీద భారం పడుతుంది, కొయ్య కూలుతుంది. కూలిన కొయ్య తీగలకు వేలాడుతూ అల అలకూ పడవ పక్కను పోటు పొడుస్తుంది.

తీగలకూ అదే రోగం. పందొమ్మిది పోగులు పేనిన తీగ కింది కొస ఒక ఉక్కు గొట్టంలో నొక్కి ఉంటుంది. గొట్టం నోరు పైకి తెరుచుకుని ఉంటుంది కాబట్టి తీగ వెంట జారిన ఉప్పునీరు అందులో చేరి నిలుస్తుంది. పైకొసలు బాగుండి కింది కొసలు ముందు తెగడానికి కారణం అదే. దూది ఉండనో, పాత బనీను ముక్కనో తీగ పొడవునా జార్చి చూడండి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే దారాలు పట్టుకుంటాయి. చేత్తో మాత్రం చూడొద్దు, ఒకసారి చూసినవాళ్లు రెండోసారి చూడరు. తీగలను పది, పదిహేనేళ్లకొకసారి మార్చాలనేది మామూలు లెక్క. చాలా బీమా కంపెనీలు ఆ వయసు దాటితే రసీదు అడుగుతాయి.

నీటి మట్టానికి దిగువన పడవకు కావాలని చేసిన కన్నాలుంటాయి. ఇంజన్ చల్లబరిచే నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి, వంటగది తూముకు ఒకటి. ప్రతి కన్నానికీ ఒక వాల్వు. అది కంచుదై ఉండాలి. ఇత్తడిదైతే అందులోని జింకును ఉప్పునీరు ఏరుకుని తినేస్తుంది, ఆకారం చెడదు. మిగిలేది స్పాంజిలాంటి రాగి. చాకు మొనతో గీరితే పచ్చగా మెరవాల్సింది గులాబీ రంగులో కనబడుతుంది. ఇలా గులాబీ తేలిన వాల్వును అటూ ఇటూ తిప్పి చూడబోతే చేతిలోకి ఊడి రావచ్చు. పడవ ఒడ్డున ఉన్నప్పుడే ఆ ప్రయోగం చెయ్యాలి.

పడవ తలకిందులైతే ఏమవుతుంది? కొనేవాళ్లలో ఎక్కువమంది ఈ ప్రశ్న అడగరు, అపశకునమని కాబోలు. కీల్ అంటే పడవ అడుగున రెక్కలా దిగే బరువు భాగం, సీసమో ఇనుమో ఉంటుంది. పడినా లేచే బొమ్మ అడుగున పెట్టే బరువు లాంటిదే. పడవ ఎంత ఒరిగేదాకా తిరిగి లేస్తుందనేది బరువు ఎంత కింద ఉంది, పడవ ఎంత వెడల్పు అనేవాటిమీద ఆధారపడుతుంది. వెడల్పైన పడవ రేవులో ఊగదు, లోపల హాలు విశాలంగా ఉంటుంది, ఇంటావిడకు నచ్చుతుంది. కానీ తిరగబడితే బోర్లించిన పళ్లెంలా అలాగే నిలవడానికి కూడా దానికి అభ్యంతరం ఉండదు. ఇప్పటి వెడల్పాటి పడవలు చాలావాటికి ఆ హద్దు 120 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. సన్నగా, లోతుగా ఉండే పాత కాంటెస్సా 32కి 150 డిగ్రీలు దాటుతుంది.

1979 ఆగస్టులో ఇంగ్లండు నుంచి ఐర్లండ్ దగ్గరి ఫాస్ట్‌నెట్ రాయి దాకా వెళ్లివచ్చే పందేన్ని తుఫాను పట్టుకుంది. బయల్దేరినవి 303 పడవలు, ముగించినవి 86. పదిహేను మంది నావికులు చనిపోయారు. చిన్న పడవల తరగతిలో పందెం ముగించింది ఒకే ఒక్కటి, అసెంట్ అనే కాంటెస్సా 32. నన్ను ఆపే లెక్క ఇంకొకటుంది. ఆ రాత్రి మనుషులు వదిలేసి వెళ్లిన పడవలు 24. వాటిలో మునిగినవి అయిదే. మిగతా పందొమ్మిదీ ఖాళీగా తేలుతూ తరవాత దొరికాయి. వదిలి రబ్బరు తెప్పల్లోకి దిగినవాళ్లలో కొందరు బతకలేదు. 1991లో అమెరికా తూర్పు తీరంలో వచ్చిన పెనుతుఫానులోనూ ఇంతే. సటోరి అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి మనుషులను తీరరక్షక దళం దించేసింది. ఎవరూ లేని సటోరి సొంతంగా తేలుతూ వెళ్లి మేరీలాండ్ ఇసుక తీరంలో ఒరిగింది. తరవాత దాన్ని తీసి మళ్లీ నీళ్లలోకి దించారు. ముసలి, బరువైన, నత్తనడక పడవ అని వేళాకోళం చేసే రకం అది.

బరువైన పాత పడవలు చాలావాటిలో కీల్ సీసం ఫైబర్ ఒంట్లోనే ఒక భాగంగా పోతపోసి ఉంటుంది. కొత్త పద్ధతిలో లోతైన సన్నటి కీల్‌ను బోల్టులతో అడుగుకు బిగిస్తారు. వేగానికి మంచిదే. ఎప్పుడో రాయికి తగిలి ఉంటే ఆ దెబ్బ బోల్టుల చుట్టూ ఉన్న పొరల్లో దాగి ఉంటుంది. 2014 మేలో చీకీ రఫీకి అనే పడవ కరీబియన్ నుంచి ఇంగ్లండుకు వస్తూ అట్లాంటిక్‌లో కీల్ ఊడి తిరగబడింది, నలుగురూ పోయారు. అంతకుముందు నేలకు తగిలినప్పటి దెబ్బలు, వాటి మరమ్మతులు నిర్మాణాన్ని బలహీనపరచి ఉండవచ్చని బ్రిటిష్ దర్యాప్తు చెప్పింది. కాబట్టి కీల్ ముందు కొస, వెనక కొస అడుగుకు కలిసే చోట వెంట్రుక పాటి పగులు ఉందా, కొత్తగా పుట్టీ పెట్టి రంగు వేశారా అని నేలమీద పడుకుని చూడాలి. చొక్కా మాసిపోతుందని సంకోచిస్తే అమ్మేవాడికి సంతోషం.

చుక్కాని గురించి ఒక్క మాట. భారత నౌకాదళం వారి తారిణి 2017 సెప్టెంబరులో గోవా నుంచి భూమి చుట్టడానికి బయల్దేరినప్పుడు అది కొత్త పడవ. నడిపిన ఆరుగురు మహిళా అధికారుల్లో ఇద్దరు మన వాళ్లు, విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి బొడ్డపాటి ఐశ్వర్య. మూడు మహాసముద్రాలు దాటి ఇంటిదారి పట్టాక, చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయించి అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. కొత్త పడవకే అలా జరిగితే నలభై ఏళ్ల పడవ చుక్కాని లోపల ఏముందో? ఫోమ్ నింపిన ఫైబర్ డొల్ల, మధ్యలో ఉక్కు కడ్డీ, కడ్డీకి వెల్డు చేసిన రెక్కలు. మళ్లీ అదే, గాలి తగలని చెమ్మలో స్టీలు. పడవను ఒడ్డుకెక్కించి వారమైనా చుక్కాని అడుగు కొస నుంచి బొట్టు కారుతూనే ఉంటే లోపల నీళ్లున్నట్టే. దక్షిణ మహాసముద్రం మీదుగా ఒంటరిగా భూమి చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెం నిబంధనలు చుక్కానిని కీల్ వెనక అంచుకే తగిలించిన పాత నమూనా పడవలనే అనుమతించడం ఊరికే కాదు. 2023లో అందులో రెండో స్థానంలో వచ్చిన మన అభిలాష్ టోమీ నడిపింది కూడా వాడిన పడవే, రస్ట్‌లర్ 36. గాలిని బట్టి పడవను నడిపించే పరికరం రెక్క విరిగితే ఆయన మరుగుదొడ్డి తలుపు కోసి రెక్క చేసుకున్నారు. పాత పడవ కొనేటప్పుడు తలుపులు గట్టి చెక్కవో కావో కూడా చూసుకోవచ్చు.

ఇంజన్‌కు పెద్ద శాస్త్రం అక్కర్లేదు. మనం వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి. ముందే చెప్పి వెళ్తాం కదా, అమ్మేవాడు అరగంట ముందు ఒకసారి తిప్పి ఉంచుతాడు. మొదట చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే టీ తాగి, సాయంత్రం వస్తామని చెప్పి వెళ్లిపోవచ్చు. చల్లటి ఇంజన్ మొదటిసారి ఎలా అందుకుంటుంది, నీలి పొగా, నల్ల పొగా, తెల్ల పొగా అనేవి అసలు వివరాలు. నీలి పొగ నూనె కాలుతోందని, నల్లది డీజిల్ సరిగా మండటం లేదనో భారం ఎక్కువైందనో చెబుతుంది. తెల్లది కొద్దిసేపుంటే ఫరవాలేదు, ఆగకపోతే నీళ్లు ఎక్కడో చొరబడుతున్నాయేమో చూడాలి.

లోపల నేల పలకలు ఎత్తితే అడుగున గుంట కనబడుతుంది. నిలిచిన నీళ్లుంటే కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోకూడదు, ఒక చుక్క నాలిక మీద వేసుకుని ఉమ్మెయ్యాలి. ఉప్పగా ఉంటే సముద్రం వస్తోంది. చప్పగా ఉంటే డెక్కు కారుతోందో, తాగునీటి తొట్టి కారుతోందో. ఇంత చవకైన ప్రయోగశాల మరొకటి లేదు. డీజిల్ రుచి వస్తే సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కాగితాల దగ్గర మన భూముల అనుభవం పనికొస్తుంది. పొలం కొనేముందు ఈసీ తీయించినట్టే పడవ మీద అప్పులున్నాయా అని చూసుకోవాలి. సముద్ర చట్టంలో సిబ్బంది జీతం, కొన్ని దేశాల్లో యార్డు బాకీ లాంటివి యజమానిని కాదు, పడవనే పట్టుకుని వెంట వస్తాయి. ధర విషయంలో పాత నావికుల లెక్క ఒకటుంది. ఏటా పడవ విలువలో పదో వంతు దాని పోషణకే పోతుందని. మొదటి ఏడాది అంతకు రెండు మూడింతలు పోవచ్చు. ఉన్న డబ్బంతా పడవకే పోసి, తీగలకు అప్పు చేసేవాళ్లను యార్డులన్నిట్లోనూ చూడొచ్చు. అమ్మకానికి ఉన్న పడవల్లో సగం వాళ్లవేనని నా అనుమానం.

అన్నీ కుదిరి, తగ్గాల్సిన ధర తగ్గి, పడవను నీళ్లలోకి దించే రోజు వస్తుంది. క్రేను పట్టీలు వెంటనే విప్పొద్దని యార్డువాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. పడవ తేలీ తేలనట్టు పట్టీల్లో వేలాడుతుండగా మీరు లోపలికి దిగి ప్రతి వాల్వు చుట్టూ ఆరిన చేత్తో తడమాలి. వార్తాపత్రిక చింపి ఒక్కొక్క వాల్వు కింద ఒక్కొక్క ముక్క పరిచి, అరగంట పైన కూర్చోండి. తరవాత టార్చి వేసి చూడండి. కాగితం తడిస్తే రంగు ముదిరి కనబడుతుంది. ఆ వాల్వు ఎక్కడిదో బల్పంతో గోడ మీద గుర్తు పెట్టుకుని, పడవను మళ్లీ పైకెత్తమనండి. మిగతా ముక్కలను అలాగే ఉంచండి, రేపు పొద్దున ఇంకోసారి చూడటానికి.